గడ్డకట్టే గడువు

నార్వే వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ అందరిదీ ఒకటే ప్రశ్న, అర్ధరాత్రి సూర్యుణ్ణి చూశారా అని. చూడలేదు. దానికోసం ఆర్కిటిక్ వలయం దాటి ఇంకా ఉత్తరానికి పోవాలి. నేనున్న ట్రాండ్‌హైమ్‌లో జూన్ నెలలో పొద్దు గూకుతుంది గానీ చీకటి పడదు. రాత్రి పన్నెండింటికి కిటికీ పక్కన కూర్చుని పేపరు చదువుకోవచ్చు. అయినా నేను చూడ్డానికి వెళ్ళింది వేరే. మా మేనల్లుడు అక్కడ ఏం పని చేస్తాడో మా ఇంట్లో ఎవరికీ అంతుపట్టదు. వాళ్ళమ్మ, అంటే మా అక్క, ఎవరడిగినా "ఆయిల్ కంపెనీలకి లెక్కలు కడతాడండి" అని ఊరుకుంటుంది. కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, నాకైనా తెలియకపోతే ఎలా అనుకుని, వాడు రమ్మన్నదే తడవుగా బయల్దేరాను.

వాడు కట్టే లెక్క ఇది. సముద్రం అడుగున పరిచిన పైపుల్లో చమురు, గ్యాసు, నీళ్ళు కలిసే ప్రవహిస్తాయి. బావిలోంచి వచ్చేటప్పుడు వేడిగానే ఉంటాయి. చుట్టూ ఉన్న సముద్రం చల్లన, పైపు లోపల ఒత్తిడి ఎక్కువ. చలీ ఒత్తిడీ జతకూడాయంటే నీటి అణువులు గ్యాసు అణువు చుట్టూ పంజరం అల్లుతాయి. అలాంటివి కోటానుకోట్లు చేరితే తెల్లటి గడ్డ అవుతుంది. అదే హైడ్రేట్. చూడ్డానికి మంచులాగే ఉంటుంది గానీ, కట్టడానికి సున్నా డిగ్రీల దాకా ఆగదు. వంద బార్ల ఒత్తిడిలో మీథేన్ హైడ్రేట్ దాదాపు 13 డిగ్రీల దగ్గరే కడుతుంది. ఒక ఘనమీటరు గడ్డలో 160 ఘనమీటర్ల పైచిలుకు గ్యాసు ఇరుక్కుని ఉంటుంది. అగ్గిపుల్ల గీసి పెడితే మండుతుంది. 1810లో హంఫ్రీ డేవీ క్లోరిన్‌తో ఇలాంటిది తయారుచేసినప్పుడు అదొక ప్రయోగశాల వింత. 1934లో హామర్‌ష్మిట్ అనే అమెరికన్ ఇంజనీరు, గ్యాసు పైపుల్ని మూసేస్తున్నది మంచు కాదు, ఇదీ అని చూపించాక పరిశ్రమకి దడ పట్టుకుంది. ఆ మూసుకుపోవడాన్ని ముందే పసిగట్టడం మావాడి కొలువు.

ట్రాండ్‌హైమ్ ఒద్దికైన ఊరు. నిడెల్వా నది మెలిక తిరిగి పాత పట్నాన్ని దాదాపు చుట్టేస్తుంది. ఒడ్డున కర్రగుంజల మీద నిలబెట్టిన పాత గిడ్డంగులు ఎరుపు, పసుపు, గోధుమ రంగుల్లో నీళ్ళలోకి తొంగిచూస్తుంటాయి. ఒక వీధిలో సైకిలు మీదున్నవాడి పాదం కింద మెట్టు పెట్టి గుట్ట మీదికి నెట్టే యంత్రం ఉంది. నేను ఎక్కలేదు, ఎక్కేవాళ్ళని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. బస్సులో ఇద్దరు కూర్చునే సీటులో ఒక్కరే కూర్చుంటారు. పక్కన ఖాళీ ఉన్నా తక్కినవాళ్ళు నిలబడే వస్తారు. మొదట్లో ఎడమొహం పెడమొహం మనుషులనుకున్నాను. ఒకరోజు నేను స్టాపు పేరు కూడబలుక్కుంటుంటే ఓ పెద్దావిడ నాతోపాటే దిగి, వానలో మలుపు దాకా నడిచొచ్చి, వేలితో ఇల్లు చూపించి, నేను థాంక్స్ చెప్పేలోపు తిరిగి వెళ్ళిపోయింది. అదే మన కాకినాడలో అయితే మీదే ఊరు, ఎవరింటికి, అబ్బాయి జీతమెంత అన్నీ తేలాకే దారి తెలిసేది.

మధ్యాహ్నం అందరూ కాగితంలో చుట్టి తెచ్చుకున్న రొట్టె ముక్కలే తింటారు, ప్రొఫెసర్లతో సహా. విరిగిన పాల నీళ్ళని చిక్కబడేదాకా కాచి చేసే గోధుమరంగు చీజు వాళ్ళకి ప్రాణం. తియ్యగా, కాస్త అడుగంటిన వాసనతో ఉంటుంది. నాలుగో రోజుకి నేనూ అడిగి వేయించుకున్నాను.

యూనివర్సిటీ ప్రయోగశాలలో నన్ను పట్టి నిలబెట్టింది నీళ్ళతొట్టిలో వరసగా పడుకోబెట్టిన అయిదు గొట్టాలు. ఒక్కోదానిలో కాస్త నీరు, కాస్త నూనె, ఒత్తిడి మీద నింపిన గ్యాసు, ఒక స్టీలు గుండు. తొట్టి అటూ ఇటూ ఊగుతుంటే గుండు ఈ చివర నుంచి ఆ చివరికి దొర్లుతుంది. టక్. మళ్ళీ టక్. తొట్టిలో నీళ్ళు చల్లబడి లోపల హైడ్రేట్ మొదలైతే గుండు నెమ్మదిస్తుంది. గడ్డ బిగిస్తే ఆగిపోతుంది. ఎంతసేపట్లో దొర్లిందో కంప్యూటరు రాసుకుంటూ ఉంటుంది. అక్కడ పరిశోధన చేస్తున్న ఇరాన్ అమ్మాయి నన్ను చూసి నవ్వి, "అయిదింటిలోనూ ఒకటే సరుకు, ఒకటే చలి. ఏది ముందు ఆగుతుందో చెప్పండి చూద్దాం" అంది.

మూడోది ముందు ఆగింది. చాలాసేపటికి మొదటిది. మేం రొట్టె ముక్కలు తిని, టీ తాగి వచ్చేసరికి కూడా అయిదోది టక్ టక్ మంటూనే ఉంది. గొట్టం లోపల గీత ఏమైనా ఉందేమో అన్నాను, మేష్టారి బుద్ధి పోనిచ్చుకోక. "మళ్ళీ కడిగి మొదలుపెడితే వరస మారిపోతుంది. రేపు అయిదోదే ముందు ఆగచ్చు" అంది.

ఆ మాట నన్ను రెండు రోజులు వదల్లేదు. ఏ ఒత్తిడిలో ఏ చలి దాటితే గడ్డకట్టే వీలుందో 1959లో వాన్ డర్ వాల్స్, ప్లాటీవ్ ఇచ్చిన సిద్ధాంతాన్ని పట్టుకుని ఇంచుమించు డిగ్రీ తేడాలో చెప్పేస్తారు. సరిహద్దు అంత కచ్చితం. ముహూర్తం మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. మొట్టమొదటి గింజ పుట్టడం అదాటున జరిగే పని. సరిహద్దు దాటి ఎంత లోపలికి వెళితే అంత త్వరగా పుట్టచ్చు, అంతవరకే. అందుకని వీళ్ళు ఎప్పుడు కడుతుందని అడగడం మానేసి, ఎంతసేపటి దాకా కట్టదని అడగడం నేర్చుకున్నారు. బావి ఆగిపోతే పైపు చల్లబడి సరిహద్దు చేరడానికి ఎన్ని గంటలు? అందులో మొదటి కొన్ని గంటలు దేన్నీ ముట్టుకోకుండా, ఆగింది ఎందుకో కనుక్కుని బాగుచేసుకోవచ్చు. అవి దాటితే మాత్రం మిథనాల్ ఎక్కించడమో, ఒత్తిడి దించడమో, ఏదో ఒకటి చేసి తీరాలి. మావాడు అమ్మేది ఆ గంటల్నే.

ఊరి దక్షిణాన టిల్లర్ అనే శివారులో సింటెఫ్ సంస్థ వారి ఎత్తయిన కట్టడం ఒకటి దూరానికే కనిపిస్తుంది. చమురు, గ్యాసు, నీళ్ళు పైపులో కలిసి ఎలా పోతాయో చూడ్డానికి 1980ల మొదట్లో కట్టిన ప్రయోగశాల అది. ఆ కొలతలు, ఓస్లో దగ్గర షెల్లర్‌లోని ఇంధన పరిశోధన సంస్థలో అణు రియాక్టర్ల కోసం నీరూ ఆవిరీ కలిసిన ప్రవాహాన్ని లెక్కకట్టిన అనుభవం, రెండూ కలిసి ఓల్గా అనే ప్రోగ్రాము తయారైంది. ఓల్గా అనగానే నాకు మన రచయిత్రి గుర్తొచ్చిందంటే మావాడు పడీపడీ నవ్వాడు. ఇప్పుడు సముద్రంలో పైపు వేసే ఏ కంపెనీ అయినా ఇలాంటి ప్రోగ్రాములో ముందు పైపంతా పారించి చూసుకోవాల్సిందేనట.

శనివారం వాడి కారులో పడమటి తీరానికి బయల్దేరాం. కరెంటు కారు. చమురు అమ్మి బతికే ఆ దేశంలో కొత్తగా అమ్ముడయ్యే కార్లు పదింటిలో ఎనిమిది పైగా కరెంటువే. హాల్సా దగ్గర కారుతో సహా ఫెర్రీ ఎక్కాం. ఆ జిల్లా ఫెర్రీల మీద స్వెలె అని మందపాటి తీపి అట్టు అమ్ముతారు, సగానికి మడిచి, లోపల వెన్న, పంచదార పెట్టి. ఓడ ఆవలి ఒడ్డుకి చేరేలోపు తినేయాలి కాబట్టి అందరూ ఎక్కగానే కౌంటరు వైపు పోతారు, కానీ ఒక్కరూ పరిగెత్తరు.

అట్టు తింటూ అడిగాను, గడ్డ మొదలైనంత మాత్రాన పైపు మూసుకుపోతుందా అని. "పోనక్కర్లేదు మావయ్యా. రవ్వ ఎసట్లో పడగానే ఉప్మా చెడిపోదు కదా. ఉండ కట్టనివ్వకుండా కలుపుకుంటూ పోతే దిగిపోతుంది" అన్నాడు. నూనెలో తేలే నీటిచుక్కల మీద ముందు పెంకు కడుతుంది. ఆ పెంకుల మధ్య తడి ఉంటే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ప్రవాహం జోరుగా ఉండి, ఉండ కట్టకుండా చూసే రసాయనం ఉంటే హైడ్రేట్ రజనులాగే చివరిదాకా కొట్టుకుపోతుంది. ప్రవాహం మందగించినా, పైపు పల్లంలో నీళ్ళు చేరినా, ఆగిన పైపుని మళ్ళీ మొదలుపెట్టినా ఉండలు కడతాయి. ఎక్కువగా ఆ మళ్ళీ మొదలుపెట్టేటప్పుడే ప్రమాదం. పైపు ముందుగా కొన్ని సైగలు చేస్తుంది. రెండు చివర్ల మధ్య ఒత్తిడి తేడా కొద్దికొద్దిగా పెరుగుతుంది, రంపపు పళ్ళలా ఎగిరిపడుతుంది, ఆవలి గట్టుకి చేరే నీళ్ళు తగ్గుతాయి. ఒక్కోసారి ఏ సైగా ఉండదు.

మూసుకుపోయాక తీయడం ఇంకో గండం. తొందరపడి ఒక్క వైపే ఒత్తిడి దించితే, అవతలి ఒత్తిడికి ఆ గడ్డ తూటాలా దూసుకొచ్చి పైపు వంపుని బద్దలు కొట్టేయగలదు. రెండు వైపులా సమంగా దించి, కరిగేదాకా కాచుక్కూర్చోవాలి. రోజులు పట్టచ్చు, వారాలూ పట్టచ్చు. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ పేలి పదకొండు మంది పోయాక, కారుతున్న చమురుని పట్టడానికి దాదాపు వంద టన్నుల ఉక్కు గుమ్మటాన్ని కిలోమీటరున్నర లోతుకి దింపారు. పైకి లేచే గ్యాసు ఆ చల్లటి నీళ్ళలో హైడ్రేటై గుమ్మటం నెత్తిన పేరుకుంది. దారి మూసుకుపోయింది. గుమ్మటమే తేలిపోవడం మొదలుపెట్టింది. ఎత్తి పక్కన పెట్టేశారు.

క్రిస్టియాన్‌సుండ్ దీవుల మీద ఊరు. ఒక దీవి నుంచి ఇంకో దీవికి జనాన్ని దాటించే చిన్న పడవ సర్వీసు 1876 నుంచీ నడుస్తోంది. రేవులో చేపలు మోసే స్త్రీ విగ్రహం ఉంది. కాడ్ చేపని చీల్చి, ఉప్పు పట్టించి, బోడిరాళ్ళ మీద ఎండబెట్టి స్పెయిన్‌కి, పోర్చుగల్‌కి, బ్రెజిల్‌కి అమ్మే వ్యాపారం మీదే ఆ ఊరు లేచింది. రాళ్ళ మీద పరిచినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. మబ్బు కమ్మితే తడవకముందే చేపలన్నీ పోగేసి కప్పేయాలి. ఉప్పాడ ఇసుకలో చేపలెండబెట్టే ఆడవాళ్ళూ అలాగే ఒక కన్ను పడమటి ఆకాశం మీద వేసి పనిచేస్తారు. వాన ఎప్పుడొస్తుందో వాళ్ళకి కచ్చితంగా తెలియదు. ఉన్నవాటిని కప్పడానికి ఎంతసేపు పడుతుందో మాత్రం బాగా తెలుసు. ఆ ఎండు కాడ్‌ని నానబెట్టి టమాటా, ఉల్లిపాయ, బంగాళాదుంపలతో వండిన బకలావ్ ఆ రాత్రి తిన్నాం. బయటినుంచి వచ్చిన వంటని ఇక్కడి వాళ్ళు సొంతం చేసుకున్నారు. ఒక్క పచ్చిమిరపకాయ పడుంటే ఇంకా బాగుండేది.

మర్నాడు ఊరి నుంచి బయటపడే దారి సముద్రం కిందనుంచే. 2009లో తెరిచిన ఆ సొరంగం 250 మీటర్ల లోతుకి దిగి మళ్ళీ పైకొస్తుంది. దిగుతున్నంతసేపూ చెవులు గడియలు పడుతున్నాయి. సొరంగం దాటి కాసేపు వెళితే అట్లాంటిక్ రోడ్డు. ఎనిమిది వంతెనలతో దీవి మీంచి దీవి మీదికి గంతులేస్తూ ఎనిమిది కిలోమీటర్ల పైచిలుకు పోయే దారి. 1989లో తెరిచారు. కడుతుండగా పన్నెండు పెనుగాలులు వచ్చాయని చెబుతారు. మేం వెళ్ళినరోజు గాలి లేదు. ఎత్తయిన వంతెన దగ్గర ఒక ముసలాయన గాలం వేసుక్కూర్చుని, మమ్మల్ని చూసి తలూపి, మళ్ళీ నీళ్ళకేసి తిరిగాడు. ఆ తలూపు ఆ దేశంలో చాలా పెద్ద పలకరింపు.

బూద్ అనే జాలర్ల పల్లెలో చేపల సూప్ తాగుతుంటే మావాడి ఫోను మోగింది. డ్యూటీలో ఉన్నాడట, నాకు అప్పటిదాకా చెప్పలేదు. ఎక్కడో ఒక ఫీల్డులో కంప్రెసర్ ఆగి, బావులు మూశారు. ఏ ఫీల్డో నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. వాడు టిష్యూ పేపరు మీద ఒక వంపు గీత గీశాడు. ఎడమవైపు వేడి, కింద గంటలు. గీతకి అడ్డంగా ఇరవై డిగ్రీల దగ్గర ఇంకో గీత. "పొద్దున పదింటికి ఆగింది. పైపుకి ఇన్సులేషన్ ఉంది కాబట్టి ఇంకా ఎనిమిది గంటలు పరవాలేదు. బావి దగ్గర చిన్న ముక్కలుంటాయి, జంపర్లు, అవి ముందు చల్లబడతాయి. మొదలుపెట్టేటప్పుడు అక్కడ మిథనాల్ పోయమన్నాను" అని చెప్పి చెంచా తీసుకున్నాడు. "ముందు ఈ సూప్ చల్లారిపోతుంది మావయ్యా."

ఇప్పుడు కంప్యూటరే పాత సంఘటనలు చూసి నేర్చుకుంటుందంటున్నారు కదా, మీ పని తేలికయిందా అని అడిగాను. ప్రయత్నాలు చాలా జరుగుతున్నాయన్నాడు. చిక్కేమిటంటే నేర్చుకోడానికి మూసుకుపోయిన పైపులు కావాలి. ఎవరికి వాళ్ళు భయం కొద్దీ కావలసినదానికంటే ఎక్కువ మందు పోస్తారు, కాబట్టి మూసుకుపోయేవి అరుదు. మూసుకుపోయినవాళ్ళు బయటికి చెప్పుకోరు. 1994లో టొమ్మెలిటెన్ గామా ఫీల్డులో స్టాటాయిల్ వాళ్ళు కావాలనే నిజం పైపులో హైడ్రేట్ కట్టించి చూశారట. వాడి వృత్తిలో ఇప్పటికీ దాని గురించి ముచ్చటగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అంత ధైర్యం ఏ డైరెక్టరు సంతకం పెట్టి ఇచ్చాడా అనిపించింది.

హోలింగ్‌హోల్మ్ నుంచి చిన్న ఫెర్రీ మీద గొస్సెన్ దీవికి దాటాం. చుట్టూ కొండలున్న ఆ తీరంలో అది చదునైన దీవి. బురద నేలలు, గొర్రెలు, తెల్లటి ఇళ్ళు. రోడ్డు పక్క గుడ్ల డబ్బాలు, పక్కన డబ్బులేసే పెట్టె, కాపలా ఎవరూ లేరు. వాటిని దాటి మలుపు తిరగ్గానే నీహామ్నా గ్యాసు ప్లాంటు. లోపలికి పోనివ్వరు, కంచె ఇవతలి నుంచే చూశాం. ప్లాంటు కట్టేముందు తవ్వితే అక్కడ రాతియుగపు మనుషుల ఇళ్ళ ఆనవాళ్ళు బయటపడ్డాయి.

ఆ తీరానికి దాదాపు 120 కిలోమీటర్ల దూరంలో ఓర్మెన్ లాంగె ఫీల్డు ఉంది. వెయ్యేళ్ళ కిందట ట్రాండ్‌హైమ్‌ని నెలకొల్పాడనే ఓలాఫ్ రాజు ఓడ పేరు దానికి పెట్టుకున్నారు. 1997లో కనుగొన్నారు, 2007లో గ్యాసు మొదలైంది. నీటి మీద ఏమీ కనపడదు. ప్లాట్‌ఫారం లేదు, మంట లేదు. బావులన్నీ 800 నుంచి 1100 మీటర్ల లోతున అడుగునే ఉన్నాయి. అక్కడ నీళ్ళు సున్నాకి ఒక డిగ్రీ కింద ఉంటాయి, ఉప్పు వల్ల గడ్డకట్టవంతే. సుమారు 8,200 ఏళ్ళ కిందట అక్కడ సముద్రపు గట్టు విరిగి జారి పెద్ద సునామీ లేచింది. పైపులు ఆ విరిగిన గట్టు ఎక్కి రావాలి. ముప్ఫై అంగుళాల పైపులు రెండింట్లో గ్యాసు ఒడ్డుకొస్తుంది. ఆరంగుళాల పైపులు రెండింట్లో ఒడ్డు నుంచి గ్లైకాల్ బావుల దగ్గరికి పోతుంది, కార్ల రేడియేటర్లలో పోసే మందే. అక్కడ గ్యాసులో కలిసి, హైడ్రేట్ కట్టనివ్వకుండా నీళ్ళని పట్టుకుని వెనక్కొస్తుంది. ప్లాంటులో కాచి నీళ్ళు ఎగరగొట్టి మళ్ళీ పంపుతారు. ఆ గ్యాసు అక్కణ్ణుంచి 1,166 కిలోమీటర్ల లాంగెలెడ్ పైపులో ఇంగ్లండు పోతుంది.

కంచె పక్కన నిలబడితే నాకు మన వైపు గుర్తురాక మానలేదు. కోనసీమ వాళ్ళకి గ్యాసంటే మంట. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలల పైన మండితే రాత్రిళ్ళు ఆకాశం ఎర్రగా ఉండేది. ఆ గ్యాసుకి ఇంకోవైపు ఇంత చలి ఉందని మేమెవరం ఎరగం. కాకినాడలో మే నెల ఎండకి తారు కరుగుతుంటే, అదే సముద్రంలో రెండు కిలోమీటర్ల లోతున మూడు డిగ్రీల దరిదాపు. "గాడిమొగ టెర్మినల్‌లోనూ గ్లైకాల్ కాస్తూనే ఉంటారు మావయ్యా. మన తీరంలోని కేజీ-డీ6 గ్యాసు బ్లాకులో ఆర్ క్లస్టర్ బావులు రెండు వేల మీటర్ల పైన లోతు. ఈ లెక్క కట్టేవాడు అక్కడా ఎవడో ఒకడు ఇవాళ డ్యూటీలో ఉంటాడు" అన్నాడు.

ఇంకో విడ్డూరం. 2006లో జాయిడీస్ రిజల్యూషన్ అనే ఓడ మన కృష్ణా-గోదావరి తీరంలో తవ్వితే సముద్రగర్భంలో దాదాపు 130 మీటర్ల మందాన సహజంగా కట్టిన హైడ్రేట్ బయటపడింది. జపాన్ వాళ్ళు 2013లో తమ సముద్రంలో అలాంటి పొర నుంచి గ్యాసు తీసి చూపించారు. ఆరు రోజులకే బావిలోకి ఇసుక వచ్చి ఆపేయాల్సి వచ్చింది. పైపులో వద్దన్నా కట్టేది, భూమిలోంచి రమ్మంటే రాదు.

తిరుగు ఫెర్రీ కోసం వరసలో ఉండగా వాడి ఫోనుకి మెసేజీ వచ్చింది. గడువు లోపే కంప్రెసర్ సర్దుకుంది, జంపర్ల దగ్గర మిథనాల్ పోసి లైను మొదలుపెట్టారు, ఒత్తిడి గీత చదునుగా ఉంది. వాడు స్క్రీను నా వైపు తిప్పి చూపించాడు.

"ఆ మందు పోయకపోయినా ఏమీ అయ్యుండేది కాదేమోరా" అన్నాను.

"అయ్యుండేది కాదేమో. అది తేల్చుకోడానికి మాత్రం ఎవడూ డబ్బివ్వడు మావయ్యా" అని కారు ఫెర్రీ మీదికి ఎక్కించాడు.